జడ నీడ

అతని భార్యను చంపింది పన్నెండో నంబరు. అందులో అనుమానం లేదు, వాదన లేదు. పద్నాలుగేళ్ళ కిందట తీసిన ఒక ఎక్స్‌రే, అందులో కనబడ్డ నీడను పన్నెండో నంబరు కొట్టిపారేసిన ఒక్క మాట, ఆ మాట వల్ల చేజారిన తొమ్మిది నెలలు. ఆ తర్వాత మనిషి లేదు. పొద్దు పొడిచిందనడానికి రుజువు చూపించమని ఎవరూ అడగరు. ఇదీ అంతే.

పన్నెండో నంబరు అంటే ఒక ఆడపిల్ల. ఊరి కాలేజీలో ఎక్స్‌రే తీయడం నేర్పే రెండేళ్ళ కోర్సు ఉండేది. సీట్లు పన్నెండు. పాఠం కాలేజీలో, పని ఆస్పత్రిలో. ఆస్పత్రి ఎక్స్‌రే గదికి అతను ఇన్‌ఛార్జి కాబట్టి పని నేర్పేదీ అతనే. పల్లెటూరి బడిలో పలక మీద దిద్దుకుని, ఆ గది ఊడ్చే పనికి చేరి, ఇరవై ఏళ్ళలో ఆ గదికే పెద్దయినవాడు. పేర్లు పెట్టి పిలిస్తే పిల్లలు నెత్తికెక్కుతారని అతని నమ్మకం. "ఏడూ, ప్లేటు మార్చు." "మూడూ, పేషంటు భుజం మీద అలా వేలాడతావేం, అది బట్టలారేసే దండెమనుకున్నావా?" అంటూ హాజరు పట్టీలోని నంబర్లతోనే పని లాగించేవాడు.

గది గోడకి ఒక నల్లబోర్డు ఉండేది. తీసిన ఎక్స్‌రే పాడై మళ్ళీ తీయాల్సి వస్తే, తీసినవాళ్ళ నంబరు ఎదురుగా సుద్దతో ఒక గీత పడేది. మూడు గీతలు పడితే ఆ ఏడాదికి ఇంటికే. పేషంటు ఒంట్లోకి ఊరికే రెండోసారి కిరణాలు పంపడం పాపమని చెప్పేవాడు. పిల్లలు అతనికి గీతల మాస్టారని పేరు పెట్టారు. ఆ సంగతి అతనికి తెలుసు. లోలోపల నచ్చింది కూడా.

ఇప్పుడతను రిటైరై మూడేళ్ళు. పన్నెండో నంబరు పై చదువులు చదివి, తిరిగొచ్చి, ఆ కోర్సుకే పెద్దయి కూర్చుంది. ఊరంతా ఆమెను మేడమ్ అంటుంది. అతని నోటికి మాత్రం ఆమె ఈనాటికీ పన్నెండే.

ఆ పన్నెండు ఒక సోమవారం మధ్యాహ్నం అతని ఇంటి తలుపు తట్టింది.

తలుపు తీసింది కూతురు. పోస్టాఫీసులో ఉద్యోగం. తల్లి పోయేనాటికి పద్నాలుగేళ్ళది. తండ్రి తన కోపాన్ని ముద్దలో కలిపి పెట్టి పెంచాడు కనుక, వచ్చినదెవరో చూడగానే తలుపు సగంలోనే ఆపింది.

"చెప్పులు విప్పకండి. ఎలాగూ వెంటనే తొడుక్కోవాలి."

"మాస్టారితో అయిదు నిమిషాలు మాట్లాడాలమ్మా."

"మా అమ్మకి తొమ్మిది నెలలు పోగొట్టారు. మీకు అయిదు నిమిషాలు మేమివ్వాలా?"

పన్నెండో నంబరు చేతిలోని ఫైలు గుండెకి అదుముకుని అక్కడే నిలబడింది. నలభైకి దగ్గర పడుతున్న మనిషి. అయినా ఆ నిలబడటం మటుకు బోర్డు ముందు నిలబడ్డ పిల్లదే.

"రానీ," అన్నాడు మాస్టారు లోపల్నుంచి. "ఏం కూలుస్తుందో విందాం. ఇక కూలడానికి ఈ ఇంట్లో ఏముంది?"

ఆమె కుర్చీ అంచున కూర్చుని గబగబా చెప్పింది. కోర్సుని పన్నెండు సీట్ల నుంచి నలభైకి పెంచుతున్నారు. చుట్టుపక్కల ఆస్పత్రుల్లో మెషిన్లు ముసుగులేసుకుని పడి ఉన్నాయి, నడిపే చేతుల్లేవు. కాలు విరిగినవాడు ఎక్స్‌రే కోసం నాలుగు గంటలు బస్సులో కుదుపులు తింటున్నాడు. గురువారం తనిఖీ కమిటీ వస్తోంది. నలభై మందికి పని నేర్పాలంటే పాతికేళ్ళ అనుభవమున్న మనిషి పేరు, సంతకం కావాలని కొత్త నియమం. అలాంటి మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే. సంతకం లేకపోతే నలభై రావు సరికదా, ఉన్న పన్నెండూ పోతాయి. కోర్సు మూతపడుతుంది.

"నలభై మందా?"

"అవును, మాస్టారూ."

"పన్నెండు మందిలో ఒకరు నా ఇల్లు ఆర్పారు. నలభై మంది ఎన్ని ఇళ్ళు ఆర్పుతారో లెక్క కట్టావా?"

ఆమె తల దించుకుంది. "మీరు నేర్పితే ఆర్పరని వచ్చాను."

"నీకూ నేనే నేర్పాను."

ఆ మాటకి ఆమె ఏదో అనబోయి మింగేసింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, అతని కళ్ళలోకి చూడకుండా చెప్పింది. "కింద ఉన్న పాత ఫిల్ముల గదిని ప్రాక్టికల్ హాలు చేస్తున్నాం. శుక్రవారం ఫిల్ములన్నీ లారీ ఎక్కి, వాటిలోని వెండి కోసం కరిగించడానికి పోతాయి. మీకు తెలియాలని చెబుతున్నా."

తలుపు మూసుకుంది.

"వెళ్తావా నాన్నా?" అంది కూతురు.

"వెళ్తాను. మీ అమ్మ ఫిల్ము తీసుకుని వెళ్తాను. కమిటీ ముందు పెట్టి, ఇదీ మీ కోర్సు పెద్ద చేసిన పని, ఇప్పుడు చెప్పండి సంతకం ఎక్కడ పెట్టమంటారో అని అడుగుతాను."

కూతురి మొహం వెలిగింది. "నేనూ వస్తా. సెలవు పెడతా. దాని మొహం చూడాలి."

ఆ సాయంత్రం మాస్టారు వంటగదిలో గ్లాసు కడుగుతుంటే వెనక ఊపిరి వినిపించింది.

అది కొత్త సంగతి కాదు. ముప్పై రెండేళ్ళు ఆ గదిలో అతను రోజుకు వందసార్లు చెప్పిన మాటలు మూడే. పీల్చండి, పట్టండి, వదలండి. ఎదుటి మనిషి ఊపిరి బిగబట్టిన ఆ రెండు క్షణాలూ గదిలో ఒకలాంటి నిశ్శబ్దం ఉంటుంది. ఎక్స్‌రే తీసేవాళ్ళకే తెలిసిన నిశ్శబ్దం. భార్య పోయిన నెలకి అది ఇంట్లోకి వచ్చింది. అతను నిలబడ్డ చోట వెనక ఎవరో గాలి పీల్చుకుని, పట్టి, వదలకుండా నిలబడతారు. మొదట్లో గిరుక్కున తిరిగేవాడు. గోడ, చీపురు, తలుపు వెనక గొడుగు. తర్వాత తిరగడం మానేశాడు. ఒకట్రెండు సార్లు ఎవరూ లేనప్పుడు "వదులు" అని కూడా అన్నాడు. వదల్లేదు. ఈ సంగతి కూతురికి చెప్పలేదు, డాక్టరుకి చెప్పలేదు. చెబితే మాత్రలిస్తారు. మాత్రలేసుకుంటే అది పోతుందేమో. అది పోతే ఆవిడ తాలూకుది ఇంట్లో ఇంకేం మిగులుతుంది?

ఆ సోమవారం మటుకు ఊపిరి ఎప్పుడూ లేనంత దగ్గరగా వచ్చింది. గ్లాసు చేతిలోంచి జారి తొట్టిలో పగిలింది.

భార్యకి, పద్నాలుగేళ్ళ కిందట ఆ ఏడాది, కుడి భుజం నొప్పి. అతను నవ్వి పారేశాడు. "బిందెలు ఎడం చేత్తో ఎత్తు, పోతుంది." నొప్పి చేతిలోకి దిగింది. దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రే తీయించుకోనా అని అడిగితే, తీయించుకో, కానీ నా పేరు చెప్పుకుని రావద్దు, అందరితో పాటు వరసలో కూర్చో అన్నాడు. ఇన్‌ఛార్జి పెళ్ళాం వరస తప్పించి లోపలికి దూరిందని ఒక్కడు అన్నా తల కొట్టేసినట్టవుతుంది. ఆవిడ సరేనంది. ఆవిడ అన్నిటికీ సరేనే. ఏ రోజు వెళ్ళిందో కూడా చెప్పకుండా వెళ్ళి, వరసలో కూర్చుని, తీయించుకుని వచ్చేసింది. అన్నం వడ్డిస్తూ అంది. "తీయించుకున్నాను. ఓ చిన్న నీడ పడిందట. జడ నీడేనని ఆ పిల్ల చెప్పింది."

జడ నీడ అంటే ఆ పని చేసేవాళ్ళందరికీ తెలిసిందే. పొడుగు జడ భుజం మీద నుంచి ముందుకి పడి ఉంటే, ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైకొసన తాడులాంటి నీడ పడుతుంది. కొత్తవాళ్ళు దాన్ని జబ్బనుకుని హడలిపోతారు. పాతవాళ్ళు చూడగానే జడ అంటారు. అందుకే ఆ రాత్రి అతను "మరింకేం" అని ఇంకో ముద్ద కలుపుకున్నాడు. తొమ్మిది నెలల తర్వాత రెండో ఎక్స్‌రే తీసినప్పుడు ఆ జడ గుప్పెడంత అయింది. రిజిస్టరు తిరగేస్తే మొదటి ఎక్స్‌రే తీసినరోజు డ్యూటీలో ఉన్నది పన్నెండో నంబరు. దాంతో తీర్పయిపోయింది.

రిజిస్టరులో ఫిల్ము నంబరు కూడా ఉంది. నాలుగు వేల నాలుగు వందల పదిహేడు. అతనికి కంఠతా వచ్చు. ఆ తర్వాత పదేళ్ళు ఆ ఫిల్ములున్న గదికి సరిగ్గా పైనే ఉద్యోగం చేశాడు. మెట్లు పదహారు. ఒక్కసారీ దిగలేదు. చూడలేక అనుకునేవాడు.

బుధవారం పొద్దున్న పదింటికి దిగాడు.

ఫిల్ముల గదికి కాపలా ఉండే ముసలాయన్ని అందరూ నెగటివు తాత అంటారు. ఫిల్ముల వల్ల వచ్చిన పేరో, ఏది అడిగినా ముందు లేదనడం వల్ల వచ్చిందో ఎవరికీ తెలీదు.

"లేదు," అన్నాడు తాత తలెత్తకుండానే.

"ఏం కావాలో నేనింకా అడగలేదు."

"అడిగినా లేదు. అన్నీ కట్టలు కట్టేశారు. ఓహో, ఇన్‌ఛార్జి గారా! ఇన్నేళ్ళకి నా గది గుర్తొచ్చిందా? నేనింకా బతికే ఉన్నానా లేదా చూసిపోదామని వచ్చారా?"

"నాలుగు వేల నాలుగు వందల పదిహేడు."

తాత పెన్ను ఆగింది. ఆ నంబరు ఆయనకీ తెలిసినట్టుంది. ఈసారి లేదనలేదు. లేచి, కట్టల మధ్య అడ్డంగా నడిచి, చివరి వరసలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కట్ట తాడు విప్పి, గోధుమరంగు కవరు బయటికి లాగి తెచ్చిచ్చాడు. "లైటు పెట్టె అక్కడుంది. నేను పైకెళ్ళి టీ తాగొస్తా," అని, ఎప్పుడూ లేనిది, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

గదంతా పాత ఫిల్ముల పులుపు వాసన. లైటు పెట్టె రెండుసార్లు మిణికి వెలిగింది. మాస్టారు కవరులోంచి ఫిల్ము తీసి, క్లిప్పుల కింద దోపాడు.

ఆవిడే. పేరు చీటీ చూడక్కర్లేకుండానే తెలిసింది. ఎడమ జత్రుక, మెడ కింది ఎముక, వంకరగా అతుక్కుని ఉంది. పెళ్ళైన కొత్తలో అతనే సైకిలు నేర్పబోయి పడేశాడు. "ఎముకలు చూసే ఉద్యోగం చేస్తూ పెళ్ళాం ఎముక విరగ్గొట్టిన మొగుణ్ణి నిన్నే చూశా," అని ఏళ్ళ తరబడి ఎగతాళి చేసింది. పక్కటెముకలు, గుండె, పీల్చి పట్టిన ఊపిరి. బాగా పట్టింది, కదల్లేదు. మంచి ఎక్స్‌రే. పిల్ల చేతికి అంత శుభ్రంగా రావడం గొప్పే. కుడివైపు పైకొసన తాడులాంటి తెల్లటి నీడ.

ఫిల్ము కింది మూలన ఎర్ర మైనపు పెన్సిలుతో ఒకే మాట. జడ. దాని కింద ఒక గీత.

ఎర్ర పెన్సిలు ఇన్‌ఛార్జిది. పిల్లలు దాన్ని ముట్టుకోకూడదు. అది అతను పెట్టిన నియమమే. జ మీద ఆ పెద్ద మెలిక, పలక మీద దిద్దించిన పంతులు దెబ్బలకి వచ్చిన మెలిక. పక్కనే పొట్టి అక్షరాల్లో డాక్టరు సంతకం. ఎర్ర మాట చూశాక డాక్టరు ఇక ఫిల్ము చూసి ఉండడు. ఇన్‌ఛార్జి రాస్తే రాసినట్టే.

మాస్టారు అలా చూస్తూనే ఉన్నాడు. చూపు మెల్లగా మూల నుంచి పైకి పాకింది. ఫిల్ము పైఅంచున, మెడ మొదట్లో, ఎముకల కన్నా తెల్లగా, సన్నగా, సూదుల్లా అయిదు గీతలు. రెండు ఒకదానిమీద ఒకటి అడ్డంగా పడి ఉన్నాయి.

అవి జుట్టు పిన్నులు. ఆవిడ ఇంట్లో జడ వేసుకునేది. గుమ్మం దాటితే మటుకు జుట్టంతా చుట్టి మెడ వెనక ముడి వేసి పిన్నులు గుచ్చేది. అతను బయట నిలబడి "ఇవాళ ముగుస్తుందా, రేపు రానా?" అని అరిచేవాడు. పిన్నులు మెడ దగ్గరున్నాయంటే జుట్టు ముడిలో ఉంది. జుట్టు ముడిలో ఉంటే భుజం మీద జడ లేదు. జడ లేకపోతే ఆ నీడ జడది కాదు. మొదటి ఏడాది పిల్లలైనా చెప్పగలరు.

మరి ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని చేసినవాడికి ఎందుకు కనబడలేదు? దానికి జవాబూ ఫిల్ము మీదే ఉంది. పిన్నుల మీదుగా బొటనవేలి ముద్ర ఒకటి. ఫిల్ములు కడిగే చీకటి గదిలోంచి అప్పుడే తీసిన తడి ఫిల్ముని వేలితో పట్టుకుంటే ఆ ముద్ర ఫిల్ములోకి దిగి ఉండిపోతుంది. వెడల్పాటి వేలు, దాని మీద అడ్డంగా ఒక మచ్చ. అతను తన కుడి బొటనవేలు లైటు ముందు పెట్టి చూసుకున్నాడు. చిన్నప్పుడు పలక రేకు కోసిన మచ్చ. పిన్నులున్న చోటే వేలు పెట్టి పట్టుకుని, బస్సులో ఎదుటివాడి మొహం చూసినంతసేపు చూసి, రాసి పంపేశాడు.

జేబులో గుడ్డ ఉంది. మైనపు పెన్సిలు గుడ్డతో గట్టిగా ఒక్కసారి తుడిస్తే పోతుంది. తాత పైన టీ తాగుతున్నాడు. మాస్టారు గుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. వెనక ఊపిరి అలాగే బిగబట్టి ఉంది.

తలుపు కిర్రుమంది. పన్నెండు గుమ్మంలో నిలబడింది. తాత పంపి ఉంటాడు. ఆమె గుడ్డని చూసింది, ఫిల్ముని చూసింది.

"నువ్విది ఎప్పుడు చూశావు?" అన్నాడతను.

"మీరు నన్ను అందరి ముందూ హంతకురాలా అన్న రోజు. ఆ సాయంత్రమే దిగి చూశాను."

"దీన్ని తీసింది నువ్వేగా."

"నేనే. ఆవిడ మీ మనిషని తెలీదు. వరసలో వచ్చారు. గెడ్డం ఎత్తి పెట్టింది నేనే. ముడి కూడా చూశాను. చీకటి గది గుమ్మంలో నిలబడి మీరు ఫిల్ము చూస్తుంటే అన్నాను. జడ లేదనుకుంటా సార్, మళ్ళీ ఒకటి తీయనా అని."

"నేనేమన్నాను?"

"'అనుకుంటావా? తీయి. తీసి బోర్డెక్కు' అన్నారు."

మాస్టారు మళ్ళీ ఫిల్ము వైపు తిరిగాడు.

"నాకప్పటికి రెండు గీతలు, మాస్టారూ. మూడోది పడితే ఇంటికే. ఇంటికెళ్తే మళ్ళీ పంపేవాళ్ళు కాదు. నోరు మూసుకున్నాను. బయటికెళ్ళి ఆవిడతో, జడ నీడేనమ్మా, ఏం లేదు అని చెప్పాను. ఆవిడ నవ్వి నా బుగ్గ మీద తట్టి వెళ్ళింది."

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు." తర్వాత గొంతు తగ్గించి అంది. "చెప్పినా ఏముంది? ముడి చూసీ నోరు మూసుకున్నది నేనేగా. అందులో సగం నాదే. మొత్తం నాదే అని మీరంటుంటే ఆ సగం కోసం మాటలు పడ్డాను."

"సగాలేమిటి? పంచుకోవడానికి ఇదేమైనా మామిడిపండా?"

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "రేపు పదకొండింటికి కమిటీ. మీకెలా తోస్తే అలా చెయ్యండి. ఆ ఫిల్ము మీదే. చెరుపుకున్నా నేను చూడలేదనే అనుకోండి."

ఆమె పైకెళ్ళిపోయింది. పదహారు మెట్లూ వినిపించాయి. మాస్టారు గుడ్డని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫిల్ముని కవరులో పెట్టి చంకలో ఇరికించుకుని, తాతతో ఒక్క మాటైనా అనకుండా ఇంటికి నడిచాడు. కవరుని అలమరలో బట్టల కింద పెట్టి తాళం వేశాడు. కూతురు అడిగితే దొరికిందన్నాడు. ఆమె ఆ పూట పాట పాడుకుంటూ వంట చేసింది. చాలా ఏళ్ళకి ఆ ఇంట్లో పాట. అతను నోట్లో ముద్ద పెట్టుకోలేకపోయాడు.

గురువారం ప్రిన్సిపాలు గదిలో కమిటీవాళ్ళు ముగ్గురు. వాళ్ళకి పెద్ద అయిన ఆవిడ పొడుగ్గా, సన్నగా ఉంది, మాట గిల్లినట్టుంటుంది. అప్పటికే ప్రిన్సిపాలు చెమటలు కక్కుతున్నాడు.

"నలభై సీట్లంటున్నారు. క్లాసులో కుర్చీలు ముప్పై ఎనిమిదే ఉన్నాయేం?"

"ఎక్స్‌రే తీసేవాళ్ళు నిలబడే పని చెయ్యాలి కదండీ," అన్నాడు ప్రిన్సిపాలు. నవ్వుదామని చూశాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తనూ మానేశాడు.

మాస్టారు కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూతురు, వీపు నిటారుగా పెట్టి, ఎదురుగా ఉన్న పన్నెండో నంబరు మొహం మీంచి చూపు తిప్పకుండా. పన్నెండు బల్ల మీద కాగితాలు సర్దుతోంది. సర్దినవే మళ్ళీ సర్దుతోంది.

"వీరేనా పని నేర్పే మాస్టారు?" అంది పెద్దావిడ. "బాబూ, ఒకటి అడుగుతాను. పన్నెండు మంది మీద కన్నేసి ఉంచడం వేరు, నలభై మంది వేరు. కొత్తవాళ్ళు తీసిందే తీస్తారు. మళ్ళీ తీసినవాటిని ఎలా అదుపు చేస్తారు? ఇక్కడ పూర్వం ఒక బోర్డు పద్ధతి ఉండేదట, చాలా కచ్చితంగా జరిగేదట. దాన్ని మళ్ళీ పెడతారా?"

మాస్టారు వెనక ఊపిరి బిగిసింది. ఇంట్లో తప్ప ఇంకెక్కడా అది వినబడలేదు ఇన్నేళ్ళూ. ఫిల్ముల గదిలో విన్నాడు, ఇప్పుడు ఇక్కడ. పన్నెండో నంబరు చేతుల్లో కాగితాలు ఆగిపోయాయి.

"పెట్టను," అన్నాడు.

"మరి?"

"మళ్ళీ ఎన్ని తీశారో లెక్క రాస్తాం. ఎవరు తీశారో రాయం."

"తప్పు చేసినవాళ్ళని పట్టుకునేదెలా?"

"అనుమానం వచ్చి మళ్ళీ తీస్తానన్నవాడిది తప్పు కాదు. వద్దన్నవాడిది తప్పు. వద్దంటే వాడు ఎందుకు వద్దన్నాడో కాగితం మీద రాసి, కింద పేరు పెట్టాలి. ఇన్‌ఛార్జి అయినా సరే. అది ఒప్పుకుంటే సంతకం పెడతా. లేకపోతే లేదు."

పెద్దావిడ పక్కనున్నతనితో ఏదో గొణిగి, రాసుకుంది. "ఇది ఎక్కడా వినలేదు. రాసి ఇవ్వండి, జత చేస్తాం. ఒళ్ళో ఆ కవరేమిటి? మాకు చూపించాల్సిందా?"

కూతురు ముందుకి వంగింది. "చూపించు నాన్నా."

"కాదండీ," అన్నాడు మాస్టారు. "ఇది ఇంటిది."

పన్నెండో నంబరు కాగితం అతని ముందుకి జరిపింది. అతను ఆమె వైపు చూడలేదు. క్షమించమని అడగలేదు, క్షమించానని అనిపించుకోలేదు. చూపించిన చోట సంతకం పెట్టి లేచాడు.

దారి పొడుగునా కూతురు నాలుగడుగుల ముందు నడిచింది. ఇంట్లోకి రాగానే తిరగబడింది.

"సంతకం పెట్టావు! దాని ముందు కూర్చుని, దాని కాగితం మీద! పద్నాలుగేళ్ళు నాకు నూరిపోసింది దీనికేనా? నేను దానికి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా గుమ్మంలో నిలబెట్టాను, ఎవరి కోసం? అమ్మ కోసం కాదూ?"

"పన్నెండు కాదు," అన్నాడు.

"ఏం కాదు?"

"మీ అమ్మని చంపింది."

ఆమె అతని చేతిలోంచి కవరు లాక్కుంది. అతను పట్టు బిగించలేదు. ఆమె ఫిల్ము బయటికి తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. ఆ తెల్లటి ఎముకల గూడు ఆమెకేం చెబుతుంది? కిందకీ పైకీ తిప్పింది.

"నాకిందులో ఏం తెలుస్తుంది? ఎవరో ఒకరు చెప్పాలి కదా! నువ్వే చెప్పు. ఎవ—"

మాట ఆగిపోయింది. వేలు కింది మూలకి వెళ్ళింది. ఆమె బడి పుస్తకాలన్నిటి మీదా పేరు రాసిచ్చింది తండ్రే. జ అక్షరం మీద ఆ మెలిక ఇంకెవరి చేతికీ రాదు. ఆమె ఆ ఎర్ర మాటను చాలాసేపు చూసింది. ఫిల్ము మెల్లగా కిందికి దిగింది.

"నాన్నా?"

అతను వెనక్కి తిరిగి చెప్పులు విప్పుకుంటున్నాడు.

"నాన్నా, ఏం జరిగింది ఆరోజు?"

"చూశావు కదా."

"చూస్తే ఏం తెలుస్తుంది? నీ నోటితో చెప్పు. ఒక్కసారి చెప్పు, మళ్ళీ అడగను."

మాస్టారు ఆమె చేతిలోంచి ఫిల్ము తీసుకుని, కవరులో పెట్టి, కవరు అంచు మడిచాడు. మొహంలో ఏమీ లేదు.

"రేపు వచ్చే నలభై మందికి ఏది అడిగితే అది చెబుతాను. ఇది చెప్పను. నీకు చెప్పను, ఆ పన్నెండుతో మళ్ళీ ఎత్తను, దేవుడడిగినా చెప్పను. ఈ ఇంట్లో ఈ మాట ఇదే ఆఖరు. అడగొద్దు."

ఆమె తర్వాత రెండుసార్లు అడిగింది. ఒకసారి కోపంగా, ఒకసారి ఏడుస్తూ. రెండుసార్లూ అతను లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయాడు.